చూసేది ఎవరు

2024 జూలై 21, గురుపౌర్ణమి

ఈ రోజు అరవై మందికి పులిహోర కలిపాను. చేతులకు పసుపు ఇంకా వదల్లేదు. ఆత్మకు ఆకలి ఉండదని మా ఆయన గంటసేపు బోధ చెప్పాడు. శిష్యులకు మాత్రం బాగానే ఉంది. గిన్నె అడుగు గీకి మరీ తిన్నారు.

పెబ్బేరులో మోటర్లకు వైండింగ్ చేసే హన్మంతు ఎప్పుడు గురువయ్యాడో నాకు సరిగా గుర్తు లేదు. కాలిపోయిన బోరు మోటరు పట్టుకొచ్చిన రైతులు పని అయ్యేదాకా షెడ్డులో కూర్చుని ఆయన మాటలు వినేవాళ్ళు. తర్వాత మోటరు కాలకపోయినా రావడం మొదలుపెట్టారు. షెడ్డు మూసి ఇప్పటికి పన్నెండేళ్ళు. నా అంగన్‌వాడీ ఉద్యోగంతోనే ఇల్లు నడుస్తోంది. ఆ మాట బోధలో రాదు.

"మోటరు కాలితే కరెంటు కాలుతదా? మోటరు తుప్పు పడ్తది, తుక్కు కింద పోతది. కరెంటుకు పుట్టుడున్నదా, సచ్చుడున్నదా? నువ్వు మోటరు గాదు బిడ్డా, కరెంటువి." ఈ మాట దగ్గర జగదీశ్ కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. ఆర్టీసీ కండక్టర్, శిష్యుల్లో పెద్దవాడు. ఇరవై ఏళ్ళుగా ఇదే మాటకు ఇదే ఏడుపు.

చివర్లో ఎప్పటిలాగే ఆ ప్రశ్న. "చూసేది ఎవరు? కన్ను జూస్తదా? పీనుగకు గూడ కన్నుంటది, అది జూస్తదా? కన్ను ఎనక కూసోని చూసేటోడు ఒకడున్నడు. వాడు సాక్షి. ఆపడు, అడగడు, సంతోషపడడు, ఏడ్వడు. ఊకె జూస్తుంటడు. వాడే నువ్వు."

ఈ సాక్షి సంగతి నాకు ఎప్పుడూ ఎక్కలేదు. చూస్తూ ఊరుకునేవాణ్ణి మా అమ్మగారి ఊళ్ళో వేరే మాటతో పిలుస్తారు.

జూలై 24

బీపీ గోళీలు మానేసినట్టున్నాడు. డబ్బా తీసి చూస్తే నెల కిందటివి అట్లాగే ఉన్నాయి. అడిగాను. "దేహం సంగతి దేహం జూస్కుంటది" అన్నాడు. మళ్ళీ అడగలేదు.

జూలై 27

తెల్లవారుజామున నాలుగింటికి గొంగడి పరుచుకుని కూర్చుంటాడు. ఏడుకో, ఎనిమిదికో లేస్తాడు. ఈ రోజు తొమ్మిదైంది. పక్కింటి వాళ్ళు ఏదో అడగడానికి వస్తే నోటి మీద వేలు పెట్టి పంపించేశాను.

కూర్చున్నప్పుడు ముట్టకూడదు, పిలవకూడదు. తనంతట తాను లేవాలి. మా ఇంటి పిల్లికి కూడా తెలిసిన నియమం ఇది. నేను ఒక్కసారి తప్పాను. ఆ సంగతి రాయను.

జూలై 30, ఉదయం

ఇంకా కూర్చునే ఉన్నాడు. లేపకూడదు. చాయ్ తాగాను. సెంటర్‌కు టైమవుతోంది.

ఆగస్టు 5

ఆరు రోజుల తర్వాత ఇంటికి వచ్చాను, బట్టల కోసం. ఆయన కర్నూలు ఆసుపత్రిలో ఉన్నాడు. సింధూజ హైదరాబాద్ నుంచి వచ్చి తండ్రి దగ్గర కూర్చుంది. సాయంత్రం బస్సుకు మళ్ళీ పోవాలి. ఈలోపు జరిగింది రాసి పెట్టుకుంటాను.

ఆ రోజు పదకొండుంబావుకు సెంటర్‌కు గుడ్ల బండి వచ్చింది. స్టోర్ తాళంచెవి ఇంట్లో మర్చిపోయాను. నేను ఎప్పుడూ మర్చిపోను. మా ఆయా సుల్తానాబీని ఇంటికి పంపాను. అయిదు నిమిషాల్లో తాళంచెవి లేకుండానే ఉరుక్కుంటూ వచ్చింది.

"టీచరమ్మా, సార్ కూసోలే. గోడకు ఒరిగిండు. మూతి వంకరపోయింది, సొల్లు కారుతుంది."

"ధ్యానంల ఉన్నడు, ముట్టకు" అన్నాను.

"ఏం ధ్యానమమ్మా! మా అబ్బాకు గిట్లనే అయ్యింది, నాకు తెల్వదా? పక్షవాతం అది. జల్ది నడువు!"

పోయి చూస్తే నిజమే. వాళ్ళనూ వీళ్ళనూ పిలిచి, అంబులెన్స్‌కు ఫోన్ చేసింది సుల్తానాబీనే. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. వనపర్తిలో చూసి కర్నూలు తీసుకుపొమ్మన్నారు. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటుతుంటే అంబులెన్స్ అద్దంలోంచి ఆంజనేయస్వామికి దండం పెట్టాను. ఆ గుడిలో మొక్కుకుంటే పుట్టాడనే మా అత్త ఆయనకు ఆ పేరు పెట్టింది.

కర్నూలులో డాక్టరమ్మ, మా సింధూజ వయసే ఉంటుంది, మొదట అడిగిన మాట ఒక్కటే. "ఆఖరుసారి ఆయన బాగుండగా ఎప్పుడు చూశారమ్మా?" రాత్రి పడుకునేటప్పుడు అన్నాను. "తేడాగా ఉన్నట్టు ఎప్పుడు చూశారు?" పదకొండున్నరకు అన్నాను. మొదలైన నాలుగున్నర గంటల్లోపు తీసుకొచ్చి ఉంటే గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఒకటి ఉందట.  డాక్టరమ్మ కాగితం మీద ఏదో రాసుకుంది.

పదకొండున్నరకే చూశాను. అప్పుడే కదా చూశాను.

ఆగస్టు 14

ఇంటికి తీసుకొచ్చి మూడు రోజులు. కుడి చెయ్యి, కుడి కాలు లేవు. ఉన్నాయి కానీ లేవు. మాట లేదు. మెత్తగా చేసి పెడితే మింగుతాడు. చెప్పేవి అర్థమవుతాయో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు. కళ్ళు మాత్రం తిరుగుతుంటాయి. నేను ఎటు పోతే అటు.

ఈ రోజు జగదీశ్ ఇరవై మందిని వెంటబెట్టుకుని వచ్చాడు. మంచానికి ఎదురుగా చాప మీద కూర్చుని గంటసేపు ఏకతార మీటుతూ తత్వాలు పాడారు. ఆయన ఎడమ కంట్లోంచి నీళ్ళు కారాయి.

"ఆనందబాష్పాలమ్మా" అన్నాడు జగదీశ్. "గురువుగారు దేహం ఇడిసి పైకెక్కి కూసున్నరు. ఇది మౌనదీక్ష. మీకు తెల్వదు."

వాళ్ళు పోయాక దుప్పటి తీసి చూశాను. ఒంటికి పోసుకున్నాడు. ఆ తడిలోనే గంటన్నర ఉన్నట్టున్నాడు. ఆనందమేం కాదు. కడిగి, తుడిచి, పౌడర్ వేశాను. నాకూ ఏడుపొచ్చింది.

ఆగస్టు 15

చాయ్ ఇచ్చాను. పళ్ళు బిగబట్టాడు. జావ తాగాడు, మజ్జిగ తాగాడు. రోజుకు మూడుసార్లు చాయ్ తాగే మనిషి. రుచి పోయి ఉంటుంది.

ఆగస్టు 19

సింధూజ తిరిగి హైదరాబాద్ పోతూ మళ్ళీ అడిగింది. ల్యాబ్‌లో పనిచేసే పిల్ల. పరీక్షలో తేడా వస్తే మళ్ళీ చేసి చూసే రకం.

"అమ్మా, నువ్వు సెంటర్‌కు పోయేటప్పుడు నాయిన ఎట్లున్నడు?"

"మంచిగనే ఉన్నడు. రోజు లెక్కనే కూసున్నడు."

"ఎన్ని గంటలకు పోయినవ్?"

"తొమ్మిదికి."

"మొకం జూసినవా?"

"జూసిన. మంచిగనే ఉండె."

బ్యాగు జిప్పు వేసుకుంటూ ఒకసారి తలెత్తి చూసి, మళ్ళీ దించుకుంది.

ఆ సంగతి రాయనన్నాను కానీ, రాస్తాను. ఏడేళ్ళ కింద మా అమ్మ పోయింది. అలంపూర్ నుంచి తమ్ముడి ఫోన్ వచ్చినప్పుడు ఆయన కూర్చుని ఉన్నాడు. భుజం పట్టి ఊపాను. "లేవు, మా అమ్మ సచ్చిపోయింది" అన్నాను. కళ్ళు తెరిచాడు. అప్పటికే జగదీశ్ వాళ్ళు వచ్చి అరుగు మీద ఉన్నారు. వాళ్ళందరూ వింటుండగా అన్నాడు: "సచ్చింది దేహమే కద. ఆత్మ సస్తదా? ఒక పీనుగ కోసం నన్ను లేపినవా?" మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. నేను ఒక్కదాన్నే బస్సెక్కాను. ఆయన రాలేదు. నలభై రోజులు నాతో మాట్లాడలేదు. నలభై అని ఎందుకు గుర్తుందంటే, రోజూ అప్పటి పుస్తకంలో రాసుకున్నాను.

ఆ తర్వాత ఆయన్ను ఎప్పుడూ ముట్టలేదు, కూర్చున్నప్పుడు. నియమం అంటే నియమం.

సెప్టెంబరు 2

వాన. ఆ రోజు సెంటర్‌కు తొమ్మిదికి కాదు, ఎనిమిదిన్నరకే పోయాను. మంచిగ లేడు.

సెప్టెంబరు 12

ఫిజియోథెరపీ చేసే పిల్లవాడు వారానికి మూడుసార్లు వస్తున్నాడు. చెయ్యి లేపిస్తాడు, వేళ్ళు విప్పిస్తాడు, "ఆ" అనమంటాడు, "ఊ" అనమంటాడు. ఆయన ప్రయత్నిస్తాడు. నుదుటి మీద చెమట పడుతుంది. ముప్ఫై ఏళ్ళు దేహాన్ని తిట్టిన మనిషి ఇప్పుడు ఒక్క వేలు కదిలించడానికి అంత పాటుపడుతున్నాడు.

జగదీశ్‌కు ఇదంతా నచ్చడం లేదు. "ఆయనకు దేహంతోటి ఏం పనమ్మా? ఊకె పరేషాన్ జేస్తుండ్రు" అంటాడు. ఈ రోజు ఇద్దరిని తీసుకుని, జేబులో టేపు పెట్టుకుని వచ్చాడు. వాళ్ళ పద్ధతిలో గురువును కాల్చరు, పండబెట్టి పూడ్చరు. గుంత తవ్వి కూర్చోబెడతారు, చుట్టూ విభూతి, ఉప్పు పోస్తారు. పాత షెడ్డు జాగాలో చోటు చూశారట. ఎంత లోతు కావాలో తెలియాలి కదా. మంచం మీద ఆయన్ను ఇద్దరు లేపి కూర్చోబెట్టారు. మూడోవాడు మంచం నుంచి తలదాకా టేపు పట్టాడు.

"మూడడుగులు, మీద రెండించీలు" అన్నాడు.

ఆయన కళ్ళు నా కోసం వెతికాయి. అంత భయం నేను ఆ కళ్ళలో ఎప్పుడూ చూడలేదు. మా పెళ్ళినాటి నుంచి చూడలేదు.

టేపు లాక్కుని బజార్లోకి విసిరేశాను. "మనిషి ఇంక బతికే ఉన్నడు. బయటికి నడువుర్రి!" అని అరిచాను. ఎంత గట్టిగా అంటే సుల్తానాబీ వాళ్ళింట్లోంచి వచ్చింది. జగదీశ్ చెప్పులేసుకుంటూ, "అమ్మగారికి దేహం మీద మమకారం పోలే" అన్నాడు. పోలేదు నాయనా.

ఆయన్ను పడుకోబెట్టి, పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకున్నాను. ఎడమ చెయ్యి. వెనక్కి తీసుకున్నాడు. బలం ఉన్న చెయ్యి అదొక్కటే.

సెప్టెంబరు 28

రాయాలి. ఎవరికీ చెప్పను, ఇక్కడైనా రాయాలి.

ఆ రోజు అయిదున్నరకు లేచాను. ఆరింటికి చాయ్ పెట్టుకున్నాను. వంటింటి గుమ్మం దగ్గర పీట వేసుకుంటే ఆయన ఎదురుగా కనిపిస్తాడు. రోజూ అక్కడే కూర్చుని తాగుతాను. మూతి కుడిపక్కకు జారి ఉంది. సొల్లు గడ్డం మీదుగా గొంగడి మీద పడుతోంది. పంచె తడిసింది. కళ్ళు తెరిచి ఉన్నాయి. ఆయన కళ్ళు తెరుచుకుని ఎప్పుడూ కూర్చోడు. అయినా ఆ కళ్ళలో చూపు లేదనుకున్నాను.

నాకు తెలుసు. ఈ గుర్తులు కనిపిస్తే వెంటనే దవాఖానకు పంపాలని ట్రైనింగులో చెప్పారు. మా సెంటర్ గోడ మీద ఆ పోస్టర్ అంటించింది నేనే. ఆరింటికి తీసుకుపోయి ఉంటే, ఆ ఇంజెక్షన్.

నాలుగడుగుల దూరం. లేచి భుజం పట్టుకుంటే చాలు. భుజం అనగానే మా అమ్మ గుర్తొచ్చింది. ఒక పీనుగ కోసం నన్ను లేపినవా. చాయ్ వేడిగా ఉంది. ఊదుకుంటూ తాగాను. మొత్తం తాగాను. గ్లాసు కడిగి బోర్లించాను. స్నానం చేశాను, జడ వేసుకున్నాను. ఈ పుస్తకం తీసి నాలుగు ముక్కలు రాశాను. లేపకూడదు అని రాశాను, ఎవరైనా చదువుతారేమో అన్నట్టు. స్టోర్ తాళంచెవి కొక్కానికి ఉంది. దాన్ని చూశాను. వదిలేస్తే దాని కోసం ఎవరో ఒకరు ఇంటికి రావాల్సి వస్తుందని తెలుసు. తీసుకోలేదు.

చంపాలనుకోలేదు. అది నిజం. కానీ కదల్లేదు. ముప్ఫై ఏళ్ళు విని అర్థం చేసుకోలేని సాక్షిని ఆ పొద్దున నేనే అయ్యాను. ఆపలేదు, అడగలేదు, సంతోషపడలేదు, ఏడవలేదు.

సంతోషపడలేదు అని రాశాను. కొంచెం పడ్డాను.

జూలై 30 పేజీ చింపేద్దామని పట్టుకున్నాను. దారంతో కుట్టిన పుస్తకం. అది లాగితే గురుపౌర్ణమి పేజీ కూడా ఊడొచ్చేలా ఉంది. వదిలేశాను.

అక్టోబరు 10

సద్దుల బతుకమ్మ. పోలేదు. పాట ఇంట్లోకి వినిపిస్తోంది. ఆయనకూ వినిపిస్తోంది.

అక్టోబరు 23

చాయ్ మళ్ళీ ఇచ్చి చూశాను. పళ్ళు బిగబట్టాడు. సుల్తానాబీ ఇస్తే మాత్రం సగం గ్లాసు తాగాడట.

నవంబరు 12

మాట వచ్చింది.

ఫిజియోథెరపీ పిల్లవాడు పని ముగించి అరుగు మీద చెప్పులేసుకుంటున్నాడు. నేను చాయ్ పోసుకుని అలవాటుగా ఆ పీట మీదే కూర్చున్నాను. మంచం ఇప్పుడు గొంగడి ఉండే చోటే ఉంది. గ్లాసు నోటి దగ్గరికి పోయేసరికి గొంతు గీరుకున్నట్టు చప్పుడు. చూస్తే ఆయన పెదవులు కదులుతున్నాయి.

"చాయ్" అన్నాడు.

గ్లాసు కింద పెట్టేశాను. "గావాల్నా? చాయ్ గావాల్నా?" అంటూ లేచాను. ఎంత సంతోషమేసిందో, అది నిజం. అరుగు మీద పిల్లవాడు "మాట్లాడిండు, సార్ మాట్లాడిండు!" అని ఎవరికో ఫోన్ చేస్తూ వీధిలోకి పోయాడు.

ఆయన ఎడమచేతి వేలు లేపి పీట వైపు చూపించాడు. చాలాసేపు పట్టింది రెండో మాటకు.

"తాగినవ్."

 కిందనే కూర్చున్నాను. అడిగాను. "ఆ దినం నన్ను జూసినవా?"

కళ్ళు మూసి, తెరిచాడు.

నవంబరు 13

సింధూజ ఫోన్ చేసింది. ఎత్తలేదు.

ఇన్నాళ్ళూ ఒక ఆశ పెట్టుకున్నట్టున్నాను. శిష్యులు అన్నదే నిజమై ఉండాలని, ఆయన లోపల లేడని, ఉన్నా ఆయన చెప్పిన ఆ చూసేవాడే ఉన్నాడని. సాక్షికి ఫిర్యాదు ఉండదు కదా. వాడికి చాయ్ అయినా, చావు అయినా ఒక్కటే. అలాంటివాడు చూస్తే చూశాడు, నాకేం భయం?

కానీ ఆ ఆరు గంటలకు గొంగడి మీద ఉన్నది వాడు కాదు. నోరు పెగలక, చెయ్యి లేవక, పెళ్ళాం వచ్చి లేపుతుందని చూసిన హన్మంతు. నేను గ్లాసు ఊదుకోవడం చూశాడు. బోర్లించిన చప్పుడు విన్నాడు. మూడున్నర నెలలు ఆ ఒక్క మాట కోసం చెమటలు కక్కి "ఆ" అన్నాడు, "ఊ" అన్నాడు.

నవంబరు 15, కార్తీక పౌర్ణమి

ఇల్లు పట్టనంత మంది వచ్చారు. టేపు సంగతి ఎవరూ ఎత్తలేదు. జగదీశ్ వస్తూనే నా కాళ్ళకు మొక్కాడు.

"గురువుగారు మౌనం ఇడిసిండ్రంట గదమ్మా! మొదటి మాట ఏమన్నరు?"

అందరూ నా వైపు తిరిగారు. మంచం మీది నుంచి ఆయన కూడా. చెప్పొచ్చు. రెండే మాటలు. చెబితే ఎవరికీ అర్థం కాదు, ఎందుకన్నాడో కూడా చెప్పాలి. నోరు తెరిచాను.

"చాయ్ అడిగిండు" అన్నాను.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ తెరిచాడు.

వంటింట్లోకి నలుగురు ఉరికారు. పాలన్నీ పోసి చాయ్ పెట్టారు. జగదీశ్ మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చెంచాతో పెదవుల దగ్గర పెట్టాడు. ఆయన పళ్ళు బిగబట్టాడు. చాయ్ గడ్డం మీదుగా కారి, మెడలోకి పోయింది. ఇంకోసారి పెట్టాడు. అంతే. కళ్ళు మాత్రం నా మీదే ఉన్నాయి.

జగదీశ్ కాసేపు ఆలోచించి, ముఖం వెలిగిపోతుండగా అందరి వైపు తిరిగాడు. "సమజైందా? కోరిక దేహానిది, తనది గాదని సూపిస్తుండ్రు. అడుగుతరు గానీ తాగరు. ఇంత పెద్ద బోధ నోట్లె మాట లేకుంట చెప్పిండ్రు." ఇద్దరు ముగ్గురు ఏడ్చారు. జగదీశ్ కూడా, ఎప్పటిలాగే.

తర్వాత ఆ గ్లాసు నా చేతికిచ్చాడు.

"గురువు నోటికి తాకిన చాయ్. ప్రసాదం. ముందుగాల అమ్మ తాగాలె."

వద్దన్నాను. "తాగమ్మా, తాగు" అన్నారు అందరూ. గ్లాసు వేడిగా ఉంది. ఆయన చూస్తున్నాడు. నేను ఊదుకున్నాను.

మొత్తం తాగాను. గ్లాసు కడిగి బోర్లించాను.